పైథాను భాష: పాతదాని ప్రక్కన క్రొత్తది - గుణదోష విచారణ

శాస్త్రవిద్యలో వాడు పనిముట్లలో నెక్కువ భాగము తమంతట తాము మారవు. ప్రయోగశాలలోని త్రాసు, థర్మామీటరు పదియేండ్ల క్రిందట పనిచేసిన విధముననే నేడును పనిచేయును. కంప్యూటరుకు పని చెప్పుటకై మనుష్యుడు కల్పించిన ప్రోగ్రాము భాషలు మాత్రము అట్టివి కావు. వానికి తరచుగా క్రొత్త వర్షన్లు వచ్చుచుండును. నిరుడు సరిగా నడిచిన పాఠము ఈ యేడు నడువకపోవచ్చును. అంతకంటె పెద్ద చిక్కు, నడిచియు వేరు సమాధానము చెప్పవచ్చును. కావున క్రొత్త వర్షను వచ్చినప్పుడు పాతదానిని తీసివేయవలెనా, లేక రెంటిని ప్రక్కప్రక్కనే యుంచుకొనవలెనా యను ప్రశ్న కంప్యూటరు విద్య నేర్పు ప్రతి పాఠశాలకును ఎదురగును.

దీనిని విచారించుటకు పైథాను భాష చరిత్ర మిక్కిలి తగినది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ప్రకటించిన 11వ తరగతి కంప్యూటరు శాస్త్ర పాఠ్యపుస్తకము ఈ భాషనే బోధించుచున్నది. క్రొత్తగా నేర్చుకొనువారికి సులభమైన భాషయని దీనికి పేరు. అట్టి భాషయే 2008లో తన పాత రూపముతో తెగతెంపులు చేసికొని, ఆ తరువాత పండ్రెండేండ్లవరకు రెండు రూపములతో జీవించెను. ఆ మార్పు అవసరమా? దానిని చేసిన తీరు సరియైనదా? దానినుండి ఉపాధ్యాయులు గ్రహింపదగిన దేమి? ఈ మూడు విషయములు ఇచ్చట పరిశీలింపబడుచున్నవి.

భాషయు, దుబాసియు

పైథానులో వ్రాసిన ప్రోగ్రాము కేవలము అక్షరములతో కూడిన ఫైలు. కంప్యూటరు దానిని నేరుగా గ్రహింపలేదు. ఇంటర్‌ప్రెటరు అను మరియొక ప్రోగ్రాము ఆ ఫైలును చదివి, అందలి ఆజ్ఞలను యంత్రముచేత చేయించును. పూర్వము దొరలకును రైతులకును నడుమ దుబాసి నిలిచినట్లు, ఇది మనుష్యునికిని యంత్రమునకును నడుమ నిలుచును. పైథానును ఇన్‌స్టాలు చేయుట యనగా ఈ దుబాసిని, అతనికి కావలసిన లైబ్రరీలను కంప్యూటరులో నొక ఫోల్డరునందు ఉంచుట యని యర్థము. వర్షను మారినదనగా దుబాసి మారినాడని యర్థము.

ఒక కచేరిలో ఇద్దరు దుబాసీలుండుటకు అభ్యంతరమేమియు లేదు. అట్లే యొక కంప్యూటరులో పైథాను 2.7, 3.8, 3.12 మూడును వేరువేరు ఫోల్డర్లలో నుండవచ్చును. ఒకదాని లైబ్రరీలు మరియొకదానితో కలియవు. చిక్కంతయు "దుబాసిని పిలువుము" అన్నప్పుడు ఏ దుబాసి వచ్చుననుటలో నున్నది. ఈ సంగతి మనసులో నుంచుకొనినచో తక్కిన విషయము సులభముగా బోధపడును.

చీలిక చరిత్ర

డచ్చి దేశస్థుడైన గ్విడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఈ భాషను నిర్మింప నారంభించెను. 1991లో అది లోకమునకు విడుదలయ్యెను. 2000 అక్టోబరులో 2.0 వర్షను వచ్చెను. వాడుక పెరిగినకొలదియు మొదట చేసిన కొన్ని యేర్పాట్లు తప్పని తేలెను. వానిని దిద్దుటకై 2008 డిసెంబరు 3న 3.0 వర్షనును విడుదల చేసిరి. పాత ప్రోగ్రాములు మార్పులు లేక క్రొత్త దుబాసియొద్ద నడువవని నిర్మాతలు ముందుగనే బాహాటముగా చెప్పిరి.

పాత శాఖను వెంటనే నిలిపివేయలేదు. 2010 జూలైలో 2.7 వర్షను వెలువడెను. దాని పోషణను 2015లో ముగింపవలెనని మొదట తలచిరి. కాని వాడుకరులనేకులు పాతదానినుండి కదలకపోవుటచేత 2014లో ఆ గడువును 2020 వరకు పొడిగించిరి. 2020 జనవరి 1తో ఆ గడువు తీరెను. ఆ యేడు ఏప్రిలులో 2.7.18 అను కడపటి విడుదలతో పాత శాఖ మూతపడెను.

మార్పు అవసరమా?

ఈ ప్రశ్నకు ఇంగ్లీషు మాత్రమే వ్రాయువాడు కొంత తడబడును. తెలుగు వ్రాయువానికి తడబాటు అక్కరలేదు. కడప జిల్లాలోని బద్వేలు పేరునే తీసికొందము. "బద్వేలు" అను మాటలో ఎన్ని అక్షరములని ప్రాథమిక పాఠశాల విద్యార్థి నడిగినచో బ, ద్వే, లు - మూడు అని చెప్పును. పైథాను 2లో ఈ మాటను మామూలు పద్ధతిని వ్రాసి పొడవెంత యని యడిగినచో సాధారణముగా 21 అని వచ్చును. పైథాను 3లో 7 అని వచ్చును.

దీనికి కారణమిది. యూనికోడ్ అను ప్రపంచ పట్టికలో తెలుగు లిపిలోని ప్రతి గుర్తునకు ఒక సంఖ్య కలదు. ఆ పట్టిక ప్రకారము బ, ద, పొల్లు, వ, ఏత్వము, ల, కొమ్ము అను ఏడు గుర్తులు చేరి ఈ మాట యేర్పడుచున్నది. నేడు విరివిగా వాడబడు యు.టి.ఎఫ్-8 పద్ధతిలో నిలువచేసినప్పుడు తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు పట్టును. ఏడును మూడుచేత గుణించినచో 21. కనుక పైథాను 2 లెక్కించినది అక్షరములను కాదు, వానిని మోయు బైట్లను. బుట్టలో ఎన్ని మామిడిపండ్లున్నవని యడుగగా బుట్ట బరువు చెప్పినట్లున్నది. ఇంగ్లీషులో ఒక అక్షరమునకు ఒకే బైటు గావున రెండు లెక్కలును ఒకటే యయ్యెను; తప్పు చాలకాలము కనబడలేదు. తెలుగు మాటను మొదటి నాలుగు బైట్లవద్ద ఖండించినచో రెండవ గుర్తు నడుమ తెగి తెరపై అర్థములేని చిహ్నము వచ్చును.

పైథాను 2లోను మాటకు ముందొక ప్రత్యేకమైన గుర్తు చేర్చి, దానిని యూనికోడ్ మాటగా వ్రాయు వీలుండెను. కాని ఆ మాటయు మామూలు మాటయు కలిసినప్పుడు చిక్కు పుట్టుచుండెను. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినప్పుడు చక్కగా నడిచిన ప్రోగ్రాము తొలి తెలుగు పేరు రాగానే ఆగిపోవుచుండెను. ప్రోగ్రాము వ్రాసినవాడు దూరదేశమున నుండగా, ఆ బాధ తెలుగు పేరు గలవానికి తగులుచుండెను.

పైథాను 3 ఈ దోషమును మూలమునందే దిద్దెను. మాట వేరు, బైట్లు వేరు అను భేదమును భాషలో స్థిరపరచెను. ప్రోగ్రాములోని చలరాశులకు తెలుగు పేర్లు పెట్టుకొనుటకు అనుమతించెను. "మార్కులు" అను పేరు గల చలరాశి పైథాను 3లో నిరాటంకముగా చెల్లును. "౩౫" అని తెలుగు అంకెలతో వ్రాసిన మాటను సంఖ్యగా మార్చుమన్నచో 35 అని సరిగా గ్రహించును.

ఇందును లోపము లేకపోలేదు. 7 అను సమాధానము 21 కంటె మేలైనను 3 మాత్రము కాదు. విద్యార్థి లెక్కించు అక్షరమును లెక్కించుటకు నేటికిని వేరు లైబ్రరీ నాశ్రయింపవలసియున్నది. "సాఫ్ట్‌వేరు" వంటి మాటలలో పొల్లు తరువాతి హల్లుతో కలియకుండ ఉంచుటకు కంటికి కనబడని గుర్తు నొకదానిని వాడుదురు. ఆ గుర్తున్న మాట చలరాశి పేరుగా చెల్లదు. ఐనను దారి సరియైనదే. తెలుగు మొదలైన భాషల దృష్ట్యా ఈ మార్పు అవసరమే కాదు, ఆలస్యముగా వచ్చినది కూడ.

మరియొక గుణము చెప్పదగియున్నది. పైథాను 2లో సంఖ్యను మాటతో పోల్చుట తప్పుగా లెక్కింపబడలేదు; సంఖ్య ఎల్లప్పుడును మాటకంటె చిన్నదని ఆ దుబాసి నిర్ణయము. పొరపాటున మార్కులను సంఖ్యగా మార్చక మాటగానే యుంచి, "20" అను మాట 35కు తక్కువ కాదా యని యడిగినచో "తక్కువ కాదు" అని చెప్పును. సున్న వచ్చినవాడును ఉత్తీర్ణుడగును. పైథాను 3 అట్టి పోలికను అంగీకరింపక, తప్పు చూపి ఆగిపోవును.

చెప్పి చేసిన మార్పు, చెప్పక చేసిన మార్పు

అయితే మార్పులన్నియు ఒక్కతీరున లేవు. కొన్ని వెంటనే బయటపడును, కొన్ని బయటపడవు. విమర్శలో ఈ భేదము ముఖ్యమైనది.

తెరపై ఫలితమును చూపు ప్రింట్ అను ఆజ్ఞకు పైథాను 2లో కుండలీకరణములు అక్కరలేదు. పైథాను 3లో తప్పనిసరి. దీనిమీద వచ్చిన గోల ఇంతింత కాదు. కాని ఇది అపాయములేని మార్పు. పాత పద్ధతిని వ్రాసిన వరుసను చూడగానే క్రొత్త దుబాసి నిలిచిపోయి, లోపమెచ్చటనో చూపును. విద్యార్థి అర నిమిషములో దిద్దుకొనును.

అపాయము మౌనముగా జరిగిన మార్పులలో నున్నది. ఒక విద్యార్థికి రెండు పరీక్షలలో కలిపి 69 మార్కులు వచ్చినవనుకొందము. 69ని 2చేత భాగింపుమన్నచో పైథాను 2 శేషమును వదలి 34 అని చెప్పును. పైథాను 3 అదే వరుసను చదివి 34.5 అని చెప్పును. రెండవది గణితమునకు సమ్మతమైనదే. కాని వరుస మారలేదు, తప్పని యెవరును హెచ్చరింపలేదు, సమాధానము మారినది.

ఇంకొక మెట్టు ముందునకు పోవుదము. 34.5 అను సంఖ్యనే యిచ్చి దగ్గరి పూర్ణసంఖ్యకు సవరింపుమని రౌండ్ అను ఆజ్ఞ యిచ్చినచో పైథాను 2 దానిని 35 చేయును. పైథాను 3 దానిని 34 చేయును. పదవ తరగతి విద్యార్థికి ఆ యొక్క మార్కు ఎంతటిదో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. క్రొత్త నియమము అకారణమైనది కాదు. సరిగా సగమువద్ద నున్న సంఖ్యలను ఎల్లప్పుడును పైకే సవరించుచు పోయినచో పెద్ద పట్టికలలో మొత్తము క్రమముగా పెరిగిపోవును. అందుచేత సగమున్నప్పుడు దగ్గరి సరిసంఖ్యకు సవరింతురు: 34.5 అయినచో 34, 35.5 అయినచో 36. శాస్త్రగణనలకు ఇది మంచి నియమమే. కాని బడిలో నేర్పు నియమము వేరు. నియమము మారినదని ప్రోగ్రాము నడుపువానికి తెలియకపోవుటయే దోషము.

మూడవది విద్యార్థులకు మొదటి వారములోనే తగులునది. ఇన్‌పుట్ అను ఆజ్ఞతో రెండు సంఖ్యలను అడిగి కూడుమని ప్రోగ్రాము వ్రాసి, 5, 6 అని యిచ్చినచో పైథాను 2 11 అని చెప్పును. పైథాను 3 వానిని మాటలుగా గ్రహించి, ప్రక్కప్రక్కన చేర్చి 56 అని చెప్పును. పాత దుబాసి వాడుకరి టైపు చేసిన దానిని ఆజ్ఞగా అమలుపరచుచుండెను. అది ప్రమాదకరము గనుక మార్చుట న్యాయమే. ఐనను పాత పేరునకే క్రొత్త యర్థము నంటగట్టుట వలన పాత పాఠ్యక్రమము పట్టుకొన్న ఉపాధ్యాయుడు తరగతిలో చిక్కుపడును.

కాబట్టి ఇట్లు తేల్చవచ్చును: పైథాను 3 నిర్మాతలు చేసిన దిద్దుబాట్లు గుణములే. వానిలో కొన్నింటిని పాత మాటలకే క్రొత్త యర్థముగా, హెచ్చరిక లేకుండ ప్రవేశపెట్టుట దోషము.

రెండు రాజ్యముల నడుమ చెరువు

బద్వేలు తాలూకాలో చేరియుండిన పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మించెను. ఆ చెరువు శాసనములో మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను చెప్పియున్నారు. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట ఆ దోషములలో నొకటి. దాని భావము నూహించుట కష్టము కాదు: నీరు ఇద్దరిదియు, మరమ్మతు ఎవ్వరిదియు కాదు.

2008 మొదలు 2020 వరకు పైథాను లైబ్రరీలు వ్రాసినవారి స్థితి ఇట్టిదే. ఒక కంప్యూటరులో రెండు దుబాసీలుండవచ్చునే కాని, ఒక ప్రోగ్రామునకు ఒక్క దుబాసియే యుండవలెను. ఆ ప్రోగ్రాము వాడు లైబ్రరీలన్నియు ఆ దుబాసికి చెందినవే కావలెను. పది లైబ్రరీలలో తొమ్మిది క్రొత్త పక్షమునకు వచ్చి ఒక్కటి రాకున్నను ప్రోగ్రాము పాత పక్షముననే నిలువవలసి వచ్చును. ఒకరి కొరకు మరియొకరు కనిపెట్టుకొనియుండిరి. గడువును ఐదేండ్లు పొడిగింపవలసి వచ్చుటకు ప్రధాన కారణమిదియే.

ఈ దోషమును తగ్గించుటకు చేసిన ప్రయత్నములు మెచ్చదగినవి. ఫ్యూచర్ అను ప్రకటన నొకదానిని ఫైలు మొదట వ్రాసినచో, పాత దుబాసియే ఆ ఫైలువరకు క్రొత్త నియమమును పాటించును. భాగాహారము విషయమున ఈ వీలు 2001లో వచ్చిన 2.2 వర్షనునుండియే కలదు. పాత ప్రోగ్రామును క్రొత్త రూపమునకు మార్చు ఉపకరణము నొకదానిని నిర్మాతలే యిచ్చిరి. రెండు పక్షములందును నడుచు ప్రోగ్రాములు వ్రాయుటకు "సిక్స్" అను లైబ్రరీ వచ్చెను. రెండు మూళ్లు ఆరు గనుక దానికి ఆ పేరు. యూనికోడ్ మాటకు ముందు పెట్టు పాత గుర్తును మొదట నిషేధించి, 2012లో 3.3 వర్షనుతో తిరిగి అనుమతించిరి. పట్టుదల విడిచి జనుల సౌకర్యమును చూచిన ఆ నిర్ణయము వివేకముగలది.

రస్ట్ అను మరియొక భాష వేరు దారి త్రొక్కెను. దానిలో 2015, 2018, 2021 సంవత్సరముల పేర గల నియమావళులున్నవి. ప్రోగ్రాములోని ప్రతి భాగమును తాను ఏ నియమావళికి చెందినదో చెప్పుకొనును. భిన్ననియమములుగల భాగములు ఒకే ప్రోగ్రాములో కలిసి పనిచేయును. పైథాను నిర్మాతలు ఇట్లు చేయవలసినదని విమర్శించుట సులభము. కాని పైథానులో మారినది వ్రాతపద్ధతి మాత్రమే కాదు. మాట యనగా నేమి యను మూలభావమే మారెను. మాటలు ఒక లైబ్రరీనుండి మరియొకదానికి ఎల్లప్పుడును ప్రవహించుచుండును. కావున రస్ట్ పద్ధతి యిచ్చట అంత సులభముగా చెల్లునని చెప్పుటకు వీలులేదు. ఈ దోషము కొంతవరకు అనివార్యమైనదే.

పేరులో నున్న పెద్ద చిక్కు

అనివార్యము కాని దోషమొకటి కలదు: రెండు దుబాసీలకును ఒకటే పేరు.

1957 ఏప్రిలు 1న భారతదేశమున దశాంశ నాణెములు వచ్చినవి. అంతవరకు రూపాయికి 16 అణాలు, 64 పైసలు. ఆ దినమునుండి రూపాయికి 100 పైసలు. పాత నాణెములు ఒక్కసారిగా మాయము కాలేదు. కొంతకాలము రెండును కలిసి చలామణి యయ్యెను. పావలాకు సరిగా 25 క్రొత్త పైసలగును; చిక్కులేదు. అణాకు ఆరుంబావు, రెండణాల బేడకు పండ్రెండున్నర. అచ్చట సవరింపులు తప్పలేదు. పాత పైసయు క్రొత్త పైసయు విలువలో వేరైనందున క్రొత్తదానిని "నయా పైస" యని నాణెముమీదనే ముద్రించిరి. పాతవి వాడుకనుండి తొలగుచుండగా, 1964 జూన్ 1నుండి "నయా" అను మాటను తొలగించిరి. పేరు స్పష్టముగా నుండుటచే బజారులో "ఏ పైస?" అను తగవు తగ్గెను.

పైథానులో ఈ జాగ్రత్త ఆలస్యముగాను, అసమగ్రముగాను తీసికొనబడెను. లినక్స్ కంప్యూటర్లలో పాతదానికి "పైథాన్2" అనియు క్రొత్తదానికి "పైథాన్3" అనియు పేర్లుండెను గాని, సంఖ్యలేని "పైథాన్" అను పేరునకు ఎవరు పలుకవలెనను విషయమున ఏకాభిప్రాయము లేకపోయెను. ఆర్చ్ అను లినక్స్ పంపిణీ 2010లోనే ఆ పేరును క్రొత్తదానికిచ్చెను. తక్కినవి చాలవరకు పాతదానికే యుంచెను. ఒకే ఆజ్ఞ ఒక యంత్రముపై ఒక భాషను, ప్రక్క యంత్రముపై మరియొక భాషను పిలుచుచుండెను. ఉబుంటు 2020లో వెలువడిన 20.04 వర్షనులో సంఖ్యలేని పేరును మొదట ఎవరికిని ఇయ్యక, కావలసినవారు నిర్ణయించుకొనుటకై "పైథాన్ ఈజ్ పైథాన్3" అను చిన్న ప్యాకేజీని చేర్చెను. హాస్యముగా తోచినను, వెనుకటి గందరగోళమునకు అది మంచి సాక్ష్యము.

పెర్ల్ అను భాషకును ఇట్టి చీలిక వచ్చెను. దాని ఆరవ వర్షను పాతదానికి బహుదూరమైపోవుటచే 2019లో దానికి "రాకు" అను క్రొత్త పేరే పెట్టిరి. పైథానులో మార్పు అంత దూరము పోలేదు గనుక క్రొత్త పేరు అక్కరలేకుండెను. కాని సంఖ్యతో కూడిన పేరునే యెల్లరును వాడవలెనని మొదటి దినమునుండియే విధించియున్నచో చాల శ్రమ తప్పియుండెడిది.

చీలిక తీరినను పని తీరలేదు

2020తో చిక్కంతయు ముగిసినదని తలచుట పొరపాటు. 3.9 మొదలు పైథాను ప్రతి సంవత్సరము అక్టోబరులో ఒక క్రొత్త వర్షనును విడుదల చేయుచున్నది. 2024లో 3.13, 2025లో 3.14 వచ్చినవి. ఒక్కొక్క వర్షనునకు ఐదేండ్లు పోషణ లభించును. ఈ చిన్న వర్షన్లలో 2008 నాటి వంటి తెగతెంపులు లేవు గాని తేడాలు కలవు.

తెలుగువారికి సంబంధించిన ఉదాహరణము ఒకటి చాలును. పాత తెలుగు పుస్తకములలో పదాంతమున నున్న నకారపు పొల్లును తెలుపు ప్రత్యేకమైన చిహ్నము నకారపొల్లు. ఇది యూనికోడ్ పట్టికలో 2021లో వచ్చిన 14వ కూర్పునందు చేర్చబడెను. 3.10 వర్షనులో నున్నది 13వ కూర్పు, 3.11లో నున్నది 14వ కూర్పు. కావున "ఇది అక్షరమేనా?" అని యడిగినచో 3.10 "కాదు" అనును, 3.11 "ఔను" అనును. పాత గ్రంథములను కంప్యూటరులో నెక్కించువాడు ఏ వర్షనుతో పనిచేసినాడో వ్రాసి యుంచకపోయినచో అతని పదపట్టికను మరియొకడు సరిచూడలేడు.

అట్లే లైబ్రరీల స్థాపనకు చిరకాలముగా వాడిన డిస్ట్‌యుటిల్స్ అను భాగమును 2023లో వచ్చిన 3.12 నుండి తొలగించిరి. దానిపై ఆధారపడిన పాత లైబ్రరీలు ఆ దినముననే చెడిపోలేదు, 3.11 ప్రక్కన నున్నవారికి పని సాగినది.

యంత్రముల వయస్సు కూడ లెక్కకు రావలెను. విండోస్ ఎక్స్‌పీ పై నడుచు కడపటి వర్షను 3.4, విండోస్ 7 పై నడుచు కడపటిది 3.8. బద్వేలు వంటి పట్టణమున నొక పాఠశాలలో విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్లున్నవనుకొందము. పట్నపు విద్యార్థి 3.13తో నేర్చుకొను పాఠమును ఆ బడి 3.8తోనే చెప్పవలెను. ఏటేటి విడుదలల వేగము క్రొత్త యంత్రములు గలవారి కనుకూలముగా నిర్ణయింపబడినదని విమర్శించుట అన్యాయము కాదు. ఐనను మొదటి సంవత్సరపు పాఠములకు కావలసిన దంతయు 3.8లో కలదు. లేనిదానికై పాఠము మాన నక్కరలేదు. ఏ వర్షనుకై పాఠము వ్రాయబడినదో తెలిసిన చాలును.

ఉపాధ్యాయులు చేయదగినది

మొదట సంఖ్యను చదువుట తెలియవలెను. 3.12.4 అన్నప్పుడు 3 పెద్ద వర్షను, 12 చిన్న వర్షను, 4 దిద్దుబాటు విడుదల. దిద్దుబాటు విడుదల పాతదాని స్థానమునే ఆక్రమించును. దానిని వేసికొనుట మేలు. చిన్న వర్షను మారినప్పుడు మాత్రము క్రొత్తది వేరు ఫోల్డరులో పాతదాని ప్రక్కన నిలుచును. పాతదానిని తీసివేయుటకు తొందరపడరాదు.

రెండవది, దుబాసిని సంఖ్యతో పిలువవలెను. విండోస్‌లో 2012 నాటి 3.3 వర్షనునుండి "పై" అను చిన్న పిలుపు కలదు. దాని ప్రక్కన అడ్డగీతతో 3.8 అనియో 3.12 అనియో చేర్చినచో ఆ దుబాసియే వచ్చును. సంఖ్య లేక పిలిచినచో కంప్యూటరు "పాత్" అను ఫోల్డర్ల జాబితాలో వరుసగా వెదకి, మొదట దొరికినదానిని తెచ్చును. క్రొత్తది వేసినను పాతదే పలుకుచున్నదను ఫిర్యాదునకు సాధారణముగా కారణమిదే.

మూడవది, లినక్స్‌లో యంత్రముతో వచ్చిన పైథానును ముట్టరాదు. ఆ యంత్రపు సొంత పనులు కొన్ని దానిపైననే నడుచుచుండును. మూలమునుండి క్రొత్తదానిని నిర్మించువారు "ఆల్ట్‌ఇన్‌స్టాల్" అను విధమును వాడినచో పాత పేరు చెడకుండ క్రొత్తది ప్రక్కన చేరును. 2023లో వచ్చిన డెబియన్ 12 తన సొంత పైథానులో బయటి లైబ్రరీలను చేర్చుటకు తానే అడ్డు చెప్పును. ఆ అడ్డును బలవంతముగా తప్పించుట మంచిది కాదు.

నాల్గవది, ఒక్కొక్క పాఠ్యక్రమమునకు "వెన్వ్" అను సాధనముతో వేరు గది కట్టుకొనవలెను. ఇదియు 3.3తో వచ్చినదే. ఆ గదిలో వేసిన లైబ్రరీలు ప్రక్క గదిలోనికి పోవు. ఆ గది తనను కట్టిన దుబాసికే చెందును. కావున వర్షను మార్చునప్పుడు పాత గదిని మోసికొనిపోక, లైబ్రరీల పేర్లు, వాని వర్షన్లు జాబితాగా వ్రాసికొని క్రొత్త గది కట్టవలెను.

ఐదవది, పాత ప్రోగ్రామును రెండు దుబాసీలయొద్దను నడిపి సమాధానములను పోల్చవలెను. నడిచినది గదా యని తృప్తిపడరాదు. భాగాహారము, సగమువద్ద సవరింపు, ఇన్‌పుట్, తెలుగు మాట పొడవు - ఈ నాలుగు పరీక్షలు చాలవరకు మౌనపు మార్పులను పట్టియిచ్చును. సమాధానములు కలిసిన పిదపనే పాతదానికి సెలవు చెప్పవలెను. పైథాను 2.7కు భద్రతా దిద్దుబాట్లు ఆగిపోయినవి గావున, దానిని పాత లెక్కలు సరిచూచుటకు మాత్రమే, ఇంటర్నెట్టు లేని యంత్రముపై ఉంచుకొనవచ్చును.

నిర్ణయము

పైథాను 3 అవసరమైన మార్పు. తెలుగు మొదలగు లిపులకు న్యాయము చేయుట ఒక్కటియే దానిని సమర్థించుటకు చాలును. పండ్రెండేండ్లు పాతదానిని ప్రక్కననే యుండనిచ్చుట దాని నిర్మాతల ఔదార్యము. మౌనముగా అర్థములను మార్చుటయు, పేరు విషయమున అశ్రద్ధ చూపుటయు వారి దోషములు. మొదటి దోషమును ఇక మార్చలేము; పరీక్షించి తెలిసికొనవచ్చును. రెండవదానికి మందు వాడుకరి చేతిలోనే యున్నది: ప్రతి పాఠము మొదటి వరుసలో వర్షను సంఖ్యను వ్రాయుట. భౌతికశాస్త్రములో ప్రమాణము వ్రాయని సంఖ్యకు మార్కులు పడవు. 34.5 అన్నప్పుడు గ్రాములా, సెంటీమీటర్లా యని ఉపాధ్యాయుడు అడుగును. కంప్యూటరు చెప్పిన సమాధానమును చూచినప్పుడును "ఏ వర్షను చెప్పినది?" అని యడుగుట విద్యార్థులకు అలవాటు కావలెను.